ఒళ్ళు మారిపోయే కథలో లోపాలు, ఆ కథ మీద ఇష్టం

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం తీరానికి దగ్గరగా ఒక దీవి. ఆ దీవిలో ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలు. అక్కడ ఏదో జబ్బు మొదలై ఏడాదిన్నర దాటింది. టీచర్లలో చాలామంది పోయారు. మిగిలిన పిల్లలను దీవి దాటి రాకుండా క్వారంటైన్‌లో పెట్టారు. నేవీ వాళ్ళు అప్పుడప్పుడు పంపే సరుకులే తిండి. ఆ జబ్బు అందరినీ ఒకేలా పట్టదు. హెటీ అనే అమ్మాయికి ఒక కంటి రెప్పలు అతుక్కుపోయాయి, వాటి వెనకాల ఏదో పెరుగుతోంది. ఆమె స్నేహితురాలు బయాట్ వీపులో రెండో వెన్నెముక పొడుచుకొచ్చింది. రీస్ అనే అమ్మాయి చేతికి వెండి రంగు పొలుసులు వచ్చాయి. రోరీ పవర్ రాసిన 'వైల్డర్ గర్ల్స్' నవల ఇది. 2019లో వచ్చింది. రచయితకు ఇదే మొదటి నవల. టీనేజ్ పాఠకుల కోసం రాసిన బాడీ హారర్.

ఈ నవల నాకు చాలా ఇష్టం. ఇందులో లోపాలు కూడా చాలా ఉన్నాయి. మొదటి సగం నెమ్మదిగా, బలంగా నడుస్తుంది. చివరికొచ్చేసరికి బస్సు తప్పిపోతుందన్నట్టు పరుగు మొదలవుతుంది. ముగ్గురు అమ్మాయిలను బాగా మలిచారు, చుట్టూ ఉన్న మిగతా పిల్లలు మాత్రం పేర్లుగానే మిగిలిపోయారు, ఎవరు ఎవరో గుర్తుండదు. జబ్బుకి కారణం చివర్లో తొందర తొందరగా చెప్పేస్తారు. ముగింపు ఉందా లేదా అని పాఠకులు ఇప్పటికీ గొడవ పడుతూనే ఉన్నారు. ఇన్ని ఉన్నా ఆ పుస్తకం మళ్ళీ తీసి చదవాలనిపిస్తుంది. ఇలాంటప్పుడు మనవాళ్ళు రెండే మాటలు అంటారు. "టైంపాస్" అని తేలిక చేస్తారు, లేదా అసలు లోపాలే లేవని వాదిస్తారు. ఆ రెండూ నిజం కాదు. బాడీ హారర్‌లో ఏ లోపం కథను చంపుతుందో, ఏ లోపాన్ని కథ మోసుకుపోగలదో విడదీసి చూస్తే ఈ ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. నవల ముగింపు గురించి కూడా మాట్లాడతాను, కథ ముందే తెలియకూడదనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి, పుస్తకం చదివి రావచ్చు.

ముందు బాడీ హారర్ అంటే ఏంటో చూద్దాం. 1980లలో సినిమా విమర్శలో బాగా పాతుకుపోయిన మాట ఇది. దయ్యం కథలో భయం బయటి నుంచి వస్తుంది. తలుపు గడియ పెట్టుకోవచ్చు, దీపం వెలిగించుకోవచ్చు, ఆంజనేయ దండకం చదువుకోవచ్చు. బాడీ హారర్‌లో భయం మన ఒంట్లోనే ఉంటుంది. మన చెయ్యి మన మాట వినదు. మన చర్మం కింద మనది కానిదేదో కదులుతుంది. ఇక ఏ తలుపు వేసుకోవాలి?

ఇది తిరుపతి వాళ్ళకు తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం. జుట్టునే తీసుకోండి. జడలో ఉన్నంతసేపు అందం. కొబ్బరినూనె రాసి, దువ్వి, మల్లెపూలు పెట్టి చూసుకుంటాం. అదే వెంట్రుక ఒక్కటి సాంబారన్నంలో వచ్చిందంటే ముద్ద గొంతు దిగదు, కంచం పక్కకి జరిపేస్తాం. కొండ మీద కల్యాణకట్టలో అదే జుట్టు తలనీలాలవుతుంది, మొక్కు అవుతుంది. మొదటిసారి గుండు కొట్టించుకున్న పిల్ల బయటికొచ్చి నెత్తి తడుముకుని, వేలికి తగిలింది తన తలేనా అన్నట్టు మొహం పెడుతుంది చూడండి, ఆ క్షణంలో ఆ పిల్లకు తన ఒళ్ళే కొత్తగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో స్థిరపడిన జూలియా క్రిస్టెవా అనే మేధావి 1980లో భయం, ఏవగింపుల మీద ఒక పుస్తకం రాశారు. ఒంటిలో భాగమైనదానికీ, ఒంటి నుంచి వేరైపోయినదానికీ మధ్య మనం ఒక గీత గీసుకుంటామనీ, ఆ గీత చెరిగినప్పుడే కడుపులో తిప్పుతుందనీ ఆమె వాదన. ఆమె ఇచ్చిన ఉదాహరణల్లో పాల మీద కట్టే మీగడ ఒకటి. మన ఇళ్ళలో ఆ మీగడనే కూడబెట్టి వెన్న తీస్తాం. కాబట్టి గీత ఎక్కడ పడుతుందన్నది ఇంటింటికీ, దేశదేశానికీ మారుతుంది. గీత లేని మనిషి మాత్రం ఉండడు. బాడీ హారర్ రచయిత పనంతా ఆ గీత మీదే.

మరి దీన్ని టీనేజ్ పిల్లలకెందుకు రాయాలి? పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. నాకు మాత్రం ఈ రకం కథ వాళ్ళకే మొదట చెందుతుందనిపిస్తుంది. మన వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మూలన చాప వేసి కూర్చోబెడతాం. కంచం వేరు, గ్లాసు వేరు. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెడతాం. తాకకూడదంటాం. తర్వాత స్నానం చేయించి, పట్టుచీర కట్టి, ఊరంతటికీ కార్డులు పంచి ఫంక్షన్ చేస్తాం. ఈ మధ్య వీధి మలుపులో ఆ పిల్ల ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కూడా వేయిస్తున్నారు. చాలా ఇళ్ళలో ఇది ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆ పిల్ల వైపు నుంచి చూడండి. అడగకుండానే ఒళ్ళు మారిపోయింది. ఎందుకు మారిందో సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ముందు వేరుగా కూర్చోబెట్టారు, ఆ తర్వాత అందరికీ చూపించారు. దీవిలో క్వారంటైన్‌లో ఉన్న స్కూలు పిల్లల కథ పదిహేనేళ్ళ పాఠకురాలికి ఎక్కడో తగిలిందంటే అందులో వింతేముంది?

మా అన్న కూతురు ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఆ పుస్తకం దానికి నేనే ఇచ్చాను. వాళ్ళ కాలేజీలో ఫోన్లు తీసేసుకుంటారు, గేటు దాటనివ్వరు, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. మొటిమలు, నెలసరి నొప్పులు, టెన్షన్‌తో రాలిపోయే జుట్టు, మెస్సులో వరుసలు, ఇవే వాళ్ళ రోజులు. నొప్పిగా ఉందంటే వార్డెన్ బిళ్ళ చేతిలో పెట్టి మళ్ళీ క్లాసుకి పంపిస్తుంది. నవల్లో సరుకులు వచ్చిన రోజు పిల్లలు వాటి కోసం ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటారు. ఆ అధ్యాయం చదివి మా పిల్ల, "అత్తా, ఆదివారం చికెన్ పెట్టేటప్పుడు మా మెస్సు కూడా ఇట్లనే ఉంటాది" అంది. నవ్వుతూ అనలేదు. దానికి ఆ దీవి మెయిన్ రాష్ట్రంలో లేదు.

ఇక్కడ గంగమ్మ జాతర గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తిరుపతిలో ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర చేస్తాం. ఊరి కథ ప్రకారం ఒక పాలెగాడు ఆడపిల్లలను చెరబట్టేవాడు. అవిలాలలో పెరిగి వయసుకొచ్చిన గంగమ్మ మీద కూడా కన్నేశాడు. ఆమె ఉగ్రరూపం ఎత్తేసరికి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో వాణ్ణి వెతికింది. చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటపడ్డాడు, తల నరికింది. ఆ వెతుకులాటనే భక్తులు ఇప్పటికీ ఒంటి మీద వేసుకుంటారు. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి పూత. బండ వేషానికి కుంకుమ ఎరుపు. తోటి వేషానికి బొగ్గు నలుపు. ఆ తర్వాత దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. చిన్నపిల్లలకు కూడా బొగ్గు పూసి, నడుముకు వేపాకు కట్టి గుడికి తీసుకుపోతారు. చివర్లో గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. దాని చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఇంటికి తెచ్చుకుని దాచుకుంటారు, ఒంట్లో బాగాలేకపోతే వాడతారు.

అంటే మన ఊళ్ళో ఒళ్ళు మారడమనేది కొత్త సంగతేమీ కాదు. ఒక ఆడపిల్ల ఒళ్ళు మగవాడి చూపుకి దొరికినప్పుడు, ఆ ఒళ్ళు పెరిగి, రంగు మారి, రూపం మారి, తిరగబడుతుంది. కథ మూలం అదే. నవలకీ జాతరకీ తేడా కూడా అక్కడే ఉంది. జాతర వేషం మనం కోరి వేసుకునేది, సాయంత్రానికి కడుక్కోవచ్చు, దానికి ఊరంతా సాక్షి. నవల్లో అమ్మాయిల మార్పు కోరి తెచ్చుకున్నది కాదు, కడిగితే పోయేది కాదు, దానికి సాక్షులంటూ ఎవరూ లేరు. శక్తిగా మారాల్సిందే జబ్బుగా మారిపోయింది. కానీ రీస్ తన పొలుసుల చేతిని ఆయుధంలా వాడినప్పుడు మాత్రం నాకు జాతర గుర్తుకొచ్చింది. ఆ పుటలు చదువుతుంటే భయం కంటే గర్వం ఎక్కువ కలుగుతుంది.

ఇప్పుడు లోపాల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు జబ్బుకి కారణం సరిగ్గా చెప్పలేదని. చివర్లో ఒక పరాన్నజీవి సంగతి వస్తుంది, వేడెక్కుతున్న వాతావరణం సంగతి వస్తుంది. ఆ ఊహలో తప్పేమీ లేదు. 2016 వేసవిలో సైబీరియాలోని యమాల్ ద్వీపకల్పంలో ఆంత్రాక్స్ వ్యాపించి 2000కు పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి, పన్నెండేళ్ళ అబ్బాయి ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడు ఎండలు విపరీతంగా కాశాయి, నేలలో ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న మంచు కరిగింది, అందులో కూరుకుపోయిన పాత కళేబరం నుంచి ఆ సూక్ష్మజీవి బయటికొచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు భావించారు. పరాన్నజీవులు ఇంకో ప్రాణి ఒంటిని ఆడించడం కూడా కల్పన కాదు. ఓఫియోకార్డిసెప్స్ అనే ఒక రకం బూజు కొన్ని జాతుల చీమలకు పడుతుంది. పట్టిన చీమ గూడు వదిలి మొక్క ఎక్కుతుంది, ఆకు ఈనెను దవడలతో గట్టిగా కరిచి పట్టుకుని అక్కడే చచ్చిపోతుంది. ఆ తర్వాత దాని తల వెనక నుంచి బూజు కాడ మొలుచుకొస్తుంది. ఇంత సరుకు చేతిలో ఉండి కూడా నవల దాన్ని చివరి పుటల్లో నాలుగు మాటల్లో తేల్చేసింది. ఫిర్యాదు న్యాయమైనదే.

అయినా ఆ లోపం నవలను చంపలేదు. ఎందుకో తెలియాలంటే శ్రీకాళహస్తి దాకా పోవాలి. తిన్నడి కథ మనందరికీ తెలుసు. ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో కూడా ఉంది. శివలింగం కంట్లోంచి నెత్తురు కారుతుంటే తిన్నడు చూడలేక బాణంతో తన కన్ను పెకిలించి అక్కడ పెడతాడు. నెత్తురు ఆగుతుంది. అంతలో రెండో కంట్లోంచి మొదలవుతుంది. తన రెండో కన్ను కూడా తీసేస్తే ఇక చూపుండదు, శివుడి కన్ను ఎక్కడుందో వెతుక్కోలేడు. అందుకని ముందే కాలు ఎత్తి లింగం మీద ఆ చోట ఆనించి గుర్తు పెట్టుకుంటాడు. భక్తి కథను భయం కథతో సమానం చెయ్యాలని ఇది చెప్పడం లేదు. కథ ఎక్కడ నిలబడిందో చూడమంటున్నాను. రాతి లింగానికి నెత్తురెలా వచ్చిందని మనం అడగం. శివుడి పరీక్ష అనుకుని ముందుకు పోతాం. ఆ కాలి గుర్తు మాత్రం కథలోంచి తీసేసి చూడండి. కళ్ళు లేనివాడు రెండో కన్ను ఎక్కడ పెట్టాడని పదేళ్ళ పిల్లవాడు కూడా అడుగుతాడు. కారణం లెక్క తేలకపోయినా కథ నిలుస్తుంది. ఒంటి లెక్క తప్పితే నిలవదు.

'వైల్డర్ గర్ల్స్' బలమంతా ఈ ఒంటి లెక్కలోనే ఉంది. జబ్బు ఊరికే ఒకసారి వచ్చి పోదు, తెరలు తెరలుగా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒంట్లో ఏదో ఒకటి కొత్తగా మారుతుంది. ఆ దీవిలో మాత్రమే దొరికే పీతలుంటాయి, ఐరిస్ పూలుంటాయి. చచ్చిపోయేటప్పుడు అవి నల్లబడతాయి. జబ్బు వచ్చాక, చావు దగ్గరపడ్డ అమ్మాయిల వేళ్ళు కూడా అలాగే నల్లబడతాయి. రచయిత దీన్ని మొదట్లో చాలా మామూలుగా చెప్పి వదిలేస్తారు. తర్వాత తిరిగి చూసుకుంటే దీవి, పీత, పువ్వు, పిల్ల అన్నీ ఒకే ఒళ్ళు అన్న సంగతి మనకే తడుతుంది. కారణం అప్పుడే చెప్పేశారు, పరాన్నజీవి పేరెత్తకముందే. అందుకే చివర్లో వచ్చే హడావుడి వివరణ మీద కోపం రాదు, అది లేకపోయినా ఫర్వాలేదనిపిస్తుంది.

అసలు వివరించకపోవడం ఈ తరహా కథల్లో పెద్ద సంప్రదాయం. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదలుపెట్టింది 1816లో, అప్పటికామె వయసు 18. 1818లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. శవాల భాగాలు కూర్చిన ఆకారానికి ప్రాణమెలా పోశాడో దాన్ని తయారుచేసిన విక్టర్ చెప్పడు, ఎవరూ మళ్ళీ అలాంటి పని చెయ్యకూడదని దాచేస్తాడు. ఆ పుస్తకంలో లోపాలకు తక్కువేమీ లేదు. ఆ ప్రాణి ఒక ఇంటి గోడ సందులోంచి లోపలివాళ్ళ మాటలు విని భాష నేర్చేసుకుంటుంది. అడవిలో దొరికిన సంచీలో దానికి సరిగ్గా కావలసిన గొప్ప పుస్తకాలే ఉంటాయి. ఇవన్నీ నమ్మేలా ఉన్నాయా? లేవు. కానీ కింద కండరాలనూ నరాలనూ కప్పీ కప్పకుండా ఉన్న ఆ పసుప్పచ్చ చర్మాన్ని రెండు వందల ఏళ్ళుగా పాఠకులు మరచిపోలేదు. కాఫ్కా 'మెటమార్ఫసిస్' 1915లో వచ్చింది. పొద్దున లేచేసరికి మనిషి పురుగైపోయి ఉంటాడు, ఎందుకో ఒక్క ముక్క కూడా ఉండదు. రైలు తప్పిపోయిందే, ఆఫీసుకి ఎలా పోవాలి అని అతని దిగులు. ఆ పురుగు బొమ్మ అట్ట మీద వెయ్యొద్దని కాఫ్కా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. కాఫ్కా అసలేమీ చెప్పలేదు కాబట్టి మనం అడగలేదు. 'వైల్డర్ గర్ల్స్' సగం చెప్పింది, దాంతో మిగతా సగం అడగాలనిపించింది. నా లెక్కలో దాని తప్పు తక్కువ చెప్పడం కాదు, చెప్పడం మొదలుపెట్టడం.

అన్ని లోపాలనూ ఇలా క్షమించెయ్యమని కాదు. వేగం సంగతి ఉంది. చివరి అధ్యాయాల్లో సంఘటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ముందు సగంలో ఒక గాయం మానడానికి పుటలు పట్టిన చోట, ఇప్పుడు చావులు కూడా వాక్యాల్లో అయిపోతాయి. నొప్పికి టైం ఇవ్వని బాడీ హారర్ ఒట్టి యాక్షన్ కథ అయిపోతుంది. ఇది ఒంటి లెక్కలోనే తప్పు, అందుకే ఇక్కడ నాకు కోపమొచ్చింది.

ఇంకోటి ఇంతకంటే బరువైనది, ఈ ఒక్క నవలది కాదు, మొత్తం తరహాదే. బాడీ హారర్ భయపెట్టడానికి వాడేది చాలాసార్లు నిజంగా మనుషుల ఒంటి మీద ఉన్నదే. మూసుకుపోయిన కన్ను, వంకర తిరిగిన వెన్ను, మచ్చలు పడిన చర్మం. మన క్లాసులోనే బొల్లి ఉన్న అమ్మాయి ఉంటుంది. కాలిన మచ్చతో బస్సెక్కే ఆవిడ ఉంటుంది. ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరు. అలాంటివాళ్ళు ఈ పుస్తకం తెరిస్తే, తమ ఒళ్ళే ఇంకొకరి పీడకల అని చదువుకోవాలా? ఈ ప్రశ్నకు తేలికైన జవాబు నా దగ్గర లేదు, ఉండకూడదని కూడా అనుకుంటాను. మన పురాణాలు కూడా ఇందులో నిర్దోషులు కావు, శాపమంటే ముందుగా గుర్తొచ్చేది వికారమైన రూపమే. ఒక పుస్తకాన్ని తూచడానికి నేను వాడే కొలత ఒకటుంది. ఒళ్ళు మారిన మనిషిని కథ లోపల నుంచి చూస్తోందా, బయట నిలబడి చూస్తోందా? 'వైల్డర్ గర్ల్స్' లోపల నుంచే చూస్తుంది. కథ చెప్పేది హెటీ, తర్వాత బయాట్, ఇద్దరూ జబ్బు సోకినవాళ్ళే. బయాట్ మత్తులో ఉన్నప్పుడు ఆమె చెప్పే వాక్యాలు కూడా తెగి ముక్కలవుతాయి. హెటీ రీస్‌ను ప్రేమిస్తుంది. ఆ వెండి పొలుసుల చేతిని చూసే చూపులో ఏవగింపు ఎక్కడా ఉండదు. ఆ ప్రేమకథకు చోటు చాలలేదని కొందరంటారు, నేనూ అంటాను. కానీ ఉన్నంతలో అది చేసిన పని పెద్దది. మారిన ఒంటిని కోరుకోవచ్చు, ముట్టుకోవచ్చు, దాని మీద అలగవచ్చు కూడా అని చూపించింది. ఈ ఒక్కదాని కోసం నేను చివరి అధ్యాయాలన్నీ మన్నించగలను.

భయం, ఏవగింపు కలిగించేవాటిని మనం అసలెందుకు ఇష్టపడతామని పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు పనిచేశారు. ఆయన ఎంచుకున్న వస్తువు మిరపకాయ. నోరు మండుతోంది, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళంతా ప్రమాదం ప్రమాదం అంటోంది, మనసుకు మాత్రం ప్రమాదమేమీ లేదని తెలుసు. ఆ రెంటి మధ్యనే సంతోషం పుడుతుందంటారు ఆయన. నాటుకోడి పులుసులో రాగిసంగటి ముంచుకుని ముక్కు తుడుచుకుంటూ తినే మన జిల్లా వాళ్ళకు దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు. అయితే ఈ సిద్ధాంతం ఇష్టం ఎలా మొదలవుతుందో చెబుతుంది కానీ, పుస్తకం మూసేశాక కూడా అది ఎందుకు మనసులో ఉండిపోతుందో చెప్పదు. కారం కాసేపటికి దిగిపోతుంది. బయాట్ వెన్నెముక నాకింకా దిగలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ నవల చిన్నపిల్లలకు కాదు. నెత్తురు ఉంది, చావులు ఉన్నాయి, తమ ఒంటిని తామే గాయపరచుకునే సన్నివేశం ఉంది. ఇంట్లో అలాంటి బాధతో ఉన్న పిల్ల ఉంటే ఇప్పుడే ఇవ్వకండి. మిగతా పిల్లలకు, తొమ్మిదో పదో తరగతి దాటాక, మీరు కూడా చదివి ఇవ్వండి. "ఇలాంటి పిచ్చి పుస్తకాలెందుకు, సిలబస్ చదువుకో" అంటే వాళ్ళు చదవడం మానరు, మీతో చెప్పడం మానేస్తారు. ఒకప్పుడు యండమూరి 'తులసిదళం' చదివి లైటు ఆర్పకుండా పడుకున్నది మన ఇళ్ళలో అమ్మలూ పిన్నులే. చిన్నపిల్ల ఒళ్ళు చేతబడికి శుష్కించిపోయే ఆ కథను అంతమంది తల్లులు చదివారు, దాచుకున్నారు. వాళ్ళకు అప్పుడు దొరికిన చోటే ఈ పిల్లలకు ఇప్పుడు కావాలి.

లోపాలున్న పుస్తకం ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ లోపాలు ముందే చెప్పి ఇస్తే మంచిదని నా అనుభవం. "చివర్లో పరుగెత్తుతుంది, కారణాల మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ దీవినీ ముగ్గురమ్మాయిలనూ చూడు" అని చెబితే చదివేవాళ్ళు సరైన చోట ఆగుతారు. అద్భుతమని ఊదరగొట్టి ఇస్తే చివరి పేజీలో మోసపోయినట్టుంటుంది. లోపం చెప్పడం ఇష్టాన్ని తగ్గించదు. నాకైతే ఒక పుస్తకంలో ఏ పుట వదిలెయ్యాలో చెప్పగలిగేవాళ్ళే దాన్ని నిజంగా చదివినట్టు అనిపిస్తుంది.

మా పిల్లకి కూడా అలా చెప్పే ఇచ్చాను. అయినా పూర్తి చేసి ఫోన్ చేసింది, మంచి కోపంగా ఉంది. "ఏందత్తా ఇది? పడవెక్కి పోతా ఉంటే అయిపోయిందంటే ఎట్ల? బయాట్ బతుకుతాదా, బతకదా?" కథ చివర ముగ్గురూ పడవలో ఉంటారు. బయాట్ ఒంట్లోంచి ఆ పరాన్నజీవి పోయింది, దానితో పాటు బయాట్ కూడా చాలావరకు పోయింది. ఎదురుగా ఉన్నది స్నేహితురాలో, ఆమె ఖాళీ ఒళ్ళో హెటీకి తెలియదు. అయినా వదిలిపెట్టదు. అక్కడ నవల ఆగుతుంది. రచయితకు ఏం చెయ్యాలో తోచక వదిలేశారని మా పిల్ల వాదన. పడవ దగ్గర ఆపడమే సరైనదనీ, జబ్బు పోతే మనిషి తిరిగొస్తుందన్న హామీ ఏ డాక్టరూ ఇవ్వలేని చోట రచయిత ఇవ్వకపోవడం నిజాయితీ అనీ నా వాదన. తప్పు పడవలో లేదు, పడవ దాకా తెచ్చిన తొందరలో ఉంది. ఆ ముందు అధ్యాయాలు ఇంకో యాభై పుటలు పెరిగి ఉంటే ఈ ముగింపు మీద ఎవరూ గొడవపడేవాళ్ళు కాదు. మా పిల్ల ఒప్పుకోలేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ చివరి అధ్యాయం పక్కన కూర్చుని చదివి, తను చెప్పింది తప్పని చూపించమంది. పుస్తకం ఇంకా దాని దగ్గరే ఉంది, రూమ్మేట్ చదువుతోందట.